పౌడరు పూసిన పండగ కానుక

వ్యాయామం చేసేవాళ్ళకు పండక్కి ఏం కొనిపెడితే పనికొస్తుందని ఇప్పటికీ నాకు ఫోను చేసి అడిగేవాళ్ళున్నారు. ప్రొద్దుటూరులో ఆటవస్తువుల కొట్లో ముప్పై ఏళ్ళకు పైగా కౌంటరు వెనక నిలబడినవాణ్ణి, అడగడంలో తప్పు లేదు. ఒకప్పుడైతే ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేసేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట చెవిన పడితే చాలు, ఫోను పెట్టేయబుద్ధవుతుంది. ఎందుకో చెబుతాను. కొట్లల్లో కొత్తగా చేరే పిల్లలు కాస్త ఓపికపట్టి చదవండి. నీతులు చెప్పను, భయపడకండి. అవి చెప్పే అర్హత నాకు ఎందుకు లేదో ఇది చదివితే మీకే తెలుస్తుంది.

మాది బంగారు కొట్ల మధ్య ఇరుక్కున్న చిన్న కొట్టు. నేను చేరినప్పుడు క్యారం బోర్డులు, క్రికెట్ బ్యాట్లు అమ్మేవాళ్ళం. తర్వాత వీధికో జిమ్ము వచ్చింది. బంగారు కొట్ల యజమానులు కూడా పొద్దున్నే బూట్లేసుకుని నడవడం మొదలుపెట్టారు. మా అరల్లోకి డంబెల్సు, నడుం బెల్టులు, మోకాలి పట్టీలు వచ్చి చేరాయి. కొట్లో మేం ముగ్గురమే. యజమాని, నేను, భాయ్. షటిల్ బ్యాట్లకు దారం బిగించడం, చిరిగిన ఫుట్‌బాళ్ళు కుట్టడం భాయ్ పని. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో తొమ్మిది నన్ను తిట్టేవే.

మీకు మా కొట్టు పద్ధతి ఒకటి చెప్పాలి. మా సరుకంతా మేడమీద రేకుల గదిలో ఉండేది. మా ఎండల సంగతి మీకు తెలిసిందే, వేసవిలో ఆ గదిలోకి పోతే రొట్టె కాల్చుకోవచ్చు. రబ్బరు సరుకు ఏదైనా ఒక వేసవి ఆ రేకుల కింద ఉందంటే జిడ్డుగా తయారై ఒకదానికొకటి అంటుకుంటుంది. అప్పుడు మేం దాన్ని తడిగుడ్డతో తుడిచి, ఒళ్ళంతా పౌడరు పూసి, మళ్ళీ కవర్లో పెట్టేవాళ్ళం. పిల్లలకు రాసే మామూలు పౌడరే. దాంతో సరుకు కొత్త పెళ్ళికూతురిలా నిగనిగలాడేది. నాకు ఆ విద్య యజమాని నేర్పాడు, ఆయనకు వాళ్ళ నాన్న నేర్పాడట. బంతి లోపలి తిత్తికి, చేతి తొడుగులకు పూస్తే ఎవరికీ ఏ నష్టమూ జరిగినట్టు మేం ఎరగం. అదే మా కొంప ముంచింది.

ఆ ఏడు దసరాకు పది రోజుల ముందు పులివెందుల నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. చీనీకాయల, అంటే బత్తాయిల, మండీ యజమాని. పోలీసు కానిస్టేబుల్ పరీక్షకు పోయే పేదపిల్లల్ని పోగుచేసి, ఒక శిక్షకుణ్ణి పెట్టి, రోజూ పొద్దున్నే మైదానంలో ఉచితంగా ఉరికించేవాడు. వాళ్ళలో ఇరవైనాలుగు మంది రాతపరీక్ష దాటారు. ఇక పరుగు, లాంగ్ జంప్ మిగిలాయి.

"పండక్కు ఇండ్లకు పోతాండారప్పా పిల్లోళ్ళు. వట్టి చేతుల్తో పంపల్లంటే బాగుండదు. మిఠాయి డబ్బాలొద్దు, గోడగడియారాలొద్దు. వాళ్ళకు పనికొచ్చేది చూపియ్యి" అన్నాడాయన.

నాకు గొప్ప హుషారు వచ్చింది. బూట్లంటే ఒక్కొక్కరికి ఒక్కో కొలత, తేలే పని కాదన్నాను. నీళ్ళ సీసాలు ఎవరైనా ఇస్తారన్నాను. తాడాట తాళ్ళు చిన్నపిల్లలవన్నాను. చివరికి నా మేధస్సంతా ఉపయోగించి రబ్బరు ట్యూబులు చూపించాను. గజంన్నర పొడవు, రెండు చివరలా పిడులు. నడుమ భాగాన్ని తలుపు గొళ్ళానికి తగిలించి, పిడులు పట్టుకుని లాగితే భుజాలూ తొడలూ గట్టిపడతాయి. "పండగపూట ఇంటికాడ మైదానం ఉండదు కదా సార్. ఇదుంటే గడపలోనే కసరత్తు" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇదీ బుర్రంటే!" అన్నాడు. ఆ మెప్పుకు రెండు రోజులు కాళ్ళు నేలమీద నిలవలేదు నాకు.

మేడమీద ఒక పెట్టె ఉంది. ముప్పై ట్యూబులు. రెండు వేసవులు ఆ రేకుల కిందే గడిచాయి. అన్నీ తీసి తుడిచాను, పౌడరు పూశాను. పైన ఉన్నదాన్ని ఒకదాన్ని లాగి చూశాను, గట్టిగానే ఉంది. మిగతావి లాగలేదు. ఎందుకు లాగలేదని ఇప్పటికి వెయ్యిసార్లు అడుక్కుని ఉంటాను. టీ వేళయింది, అంతకంటే గొప్ప కారణం లేదు.

భాయ్ కుట్టుపని ఆపి ముక్కు ఎగబీల్చాడు. "ఏందప్పా, పౌడరు వాసన ఇంత కొడతాంది? ఎవురికి ఈ సింగారం?"

"కొత్త సరుకు వాసన భాయ్."

"నీ యబ్బ, నాకు చెప్తాండావా?" అని మళ్ళీ సూదిలో తల దూర్చాడు. నేను ఇరవైనాలుగింటినీ రంగుకాగితాల్లో చుట్టి పులివెందుల బస్సుకెక్కించాను.

ఆయుధపూజ రోజు మా ఊరు కాలుపెట్టే సందు లేకుండా ఉంటుంది. కొట్లో త్రాసుకు, దారం బిగించే యంత్రానికి బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, అప్పుడే బేరాలు మొదలుపెట్టాం. ఒక కుర్రాడు వచ్చి కొక్కేనికి వేలాడుతున్న ట్యూబు తీసుకున్నాడు. ఆ పెట్టెలో మిగిలిన ఆరింటిలో అదొకటి. ఒక కొస కాలికింద తొక్కిపెట్టి రెండో కొస ఛాతీదాకా లాగాడు. టప్‌మని తెగింది. తెగిన కొస పిడితో సహా ఎగిరొచ్చి భాయ్ చెవి పక్కనుంచి పోయి అద్దాల అరను పగలగొట్టింది. భాయ్ చెవి తడుముకున్నాడు. రక్తం లేదు. నన్ను చూశాడు. తిట్టలేదు.

మిగిలిన ఐదింటినీ మేమిద్దరం వరసగా లాగాం. రెండు గట్టిగా ఉన్నాయి. మూడు మాత్రం పైన నున్నగా ఉన్నా, వంచితే లోపలంతా సన్నని బీటలు. పైన పటారం, లోన లొటారం. భాయ్ కత్తెర తీసుకుని ఐదింటినీ ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు.

"ఇరవైనాలుగు మంది పిల్లోళ్ళు" అన్నాడు.

యజమాని పగిలిన అద్దం చూసి విసుక్కున్నాడు కానీ ట్యూబుల సంగతి పట్టించుకోలేదు. "అమ్మిన సరుకు అమ్మినట్టే. ఏమన్నా అయితే కంపెనీ మీదికి తోసెయ్. పౌడరు మాట ఎవురికాడా ఎత్తొద్దు" అన్నాడు. నేను మండీ యజమానికి ఫోను చేసి, సరుకు బాగాలేదు, ఎవరూ వాడొద్దని చెప్పమన్నాను. ఆయన పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టి, జవాబులు వచ్చేకొద్దీ నాకు చెబుతూ వచ్చాడు. ఒకడు దాంతో పాలక్యాను బండికి కట్టుకున్నాడట. ఒకమ్మాయి వాళ్ళ ముసలి జేజి దానిమీద బట్టలు ఆరేసిందట. ఇంకొకడు కాగితం కూడా విప్పకుండా పూజలో పెట్టాడట, దశమి అయ్యేదాకా ముట్టుకోకూడదని. ఎంతో ఆలోచించి ఎంచిన కానుక అలా పాలక్యాన్ల పాలైందని వింటుంటే, చిత్రం, నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్కరూ వాడకుండా ఉంటే చాలని మా ఇంటి దేవుడికి మొక్కుకున్నాను.

మధ్యాహ్నానికి ఇరవైమూడు జవాబులు వచ్చాయి. ఇరవైనాలుగోది రాలేదు. గండికోటకు పోయే దారిలో ఒక పల్లె, గొర్రెలు మేపే ఇంటి అమ్మాయి. పులివెందులలో వాళ్ళ పిన్నమ్మ ఇంట్లో ఉండి ఉరకడం నేర్చుకుంటోంది. ఫోను పనిచేయడం లేదు.

"అందర్లోకీ కష్టపడేది ఆ పాపనే. నువ్విచ్చింది ఊరికే పెట్టదప్పా, లాగుతాంటాది" అన్నాడు మండీ యజమాని.

భాయ్ అప్పటికే మోటారుసైకిలు తీశాడు.

జమ్మలమడుగు దాటాక ఒక్కసారి అన్నాను, ఏమీ కాకపోవచ్చు కదా భాయ్ అని. "బండి నడపనీ" అన్నాడు. ఎదురుగా వచ్చే ప్రతి ఆటోలోకీ తొంగిచూశాను, ఎవరినైనా ఆసుపత్రికి తీసుకుపోతున్నారేమోనని.

ఆ ఇంటిముందు గొర్రెలదొడ్డి. తల్లి దొడ్డి ఊడుస్తోంది. మేం పేరు అడగ్గానే చీపురు పక్కన పెట్టి లోపలికి తీసుకుపోయింది. అమ్మాయి నులకమంచం మీద పడుకుని ఉంది. ఎడమకంటి మీద నందివర్ధనం పూలు పెట్టి తడిగుడ్డ కప్పారు. గుడ్డ తీస్తే కనుబొమ నుంచి చెంపదాకా కమిలిపోయి, కన్ను నెత్తుటి ముద్దలా ఉంది.

"నిన్న పొద్దున తగిలింది మామా. కన్ను నొస్తాందని ఫోను ఆపి పక్కన పెట్టేసినా" అంది అమ్మాయి. పైకి లేవబోయి ఆగింది. "తప్పు నాదే. మాకు నేర్పే సారు మెల్లగా లాగమన్నాడు. దినాలు దగ్గర పడతాండాయని నేనే గట్టిగా లాగినా. మీ వస్తువు పాడుచేసినా."

మా వస్తువు పాడుచేసిందట! అప్పుడే, ఆ మాటకే, నిజం చెప్పి ఉండాల్సింది. నా నోట వచ్చింది వేరు. "కంపెనీ సరుకు బాగాలేదమ్మా, ముందు డాక్టరు దగ్గరికి పోదాం పద" అన్నాను. భాయ్ తల తిప్పుకున్నాడు.

"కానిస్టేబులుకు కండ్లు చూస్తారంట కదప్పా? చూపు పోతే ఏం గతి?" అని తల్లి దారిపొడుగునా అడుగుతూనే ఉంది. ఊళ్ళో దొరికిన ఆటోలో నేను ఆమె పక్కన కూర్చుని ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను.

ప్రొద్దుటూరులో పండగరోజు కంటిడాక్టరు దొరకడం మా అదృష్టం. ఆయన లోపల చూస్తున్నంతసేపూ నేను వసారాలో గోడకు ఆనుకుని నిలబడ్డాను. భాయ్ మెల్లగా అన్నాడు, "ఆ పాప కాళ్ళు చూసినావా?" తలుపు దగ్గర విప్పిన బూట్లు ఉన్నాయి. ముందుభాగంలో గుడ్డపేలికలు కుక్కి ఉన్నాయి. పిన్నమ్మ కూతురివట, ఒక కొలత పెద్దవి. ఆ పిల్ల మడమలు రెండూ ఒరుసుకుపోయి పుండ్లుపడ్డాయి. ఇరవైనాలుగు మందికి పనికొచ్చే కానుక ఎంచిన మొనగాణ్ణి, ఒక్కరినైనా నీకేం కావాలని అడిగిన పాపాన పోలేదు. బూట్లు తేలే పని కాదని ఆయనకు అడ్డం చెప్పింది కూడా నేనే.

డాక్టరు బయటికొచ్చి, చూపుకు భయం లేదన్నాడు. తల్లి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. కానీ కంటి లోపల నెత్తురు చిమ్మింది, వారంపాటు ఉరకడం, వంగడం, బరువెత్తడం ఏదీ కూడదన్నాడు. మళ్ళీ నెత్తురు కారితే మాత్రం తన చేతిలో లేదన్నాడు.

"సార్, తొమ్మిది దినాల్లో నాకు పరుగుంది" అంది అమ్మాయి.

"వారం పోతే రెండు రోజులుంటాయి కదమ్మా" అన్నాడాయన. ఆ పిల్ల వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకుని తలూపింది.

మర్నాడు సరైన కొలత బూట్లు, మెత్తటి సాక్సులు తీసుకుపోయి ఇచ్చాను. తర్వాతి రోజులు నేనెలా గడిపానో చెబితే నవ్వుతారు. దొంగకు తేలు కుట్టినట్టు నోరెత్తలేను, ఊరుకోలేను. కొట్లో ఎవరైనా పౌడరు అంటే చాలు, ముఖానికి రాసుకునేదైనా సరే, ఉలిక్కిపడేవాణ్ణి. మండీ యజమాని ఫోను చేసి, "పాపనే గట్టిగా లాగిందంట లేప్పా, నువ్వేం చేస్తావు, బాధపడొద్దు" అన్నాడు. ఆయన నన్ను ఓదార్చాడు! నేను ఓదార్పించుకున్నాను.

"చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాడు భాయ్ ఒకరోజు.

"పరుగు అయిపోనీ భాయ్. ఇప్పుడు చెబితే ఆ పాప మనసు చెదురుతుంది."

"పాప మనసా, నీ మనసా?"

నాకు ఒళ్ళు మండి అరిచాను. ఆయన అరవలేదు. బ్యాటు దారం బిగించి, గోటితో మీటి చూసి, పక్కన పెట్టాడు. ఆయన బిగించిన ప్రతి దారాన్నీ మీటి చూసేవాడు, ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. ఆరోజే కనబడింది నాకు.

పరుగు రోజు కడపకు పోయాను. ఎవరూ పిలవలేదు. మైదానం గేటు బయట తల్లులు, అన్నలు, మామలు ఎండలో నిలబడి ఉన్నారు. లోపలికి రానియ్యరు. ఈలలు వినబడతాయి, ఏమీ కనబడదు. అమ్మాయి తల్లి నన్ను చూసి, "వచ్చినావా అప్పా" అని తన కొంగు నీడలో కొంచెం చోటిచ్చింది. ఆమె పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుడి పేరో తెలియదు. ఈల మోగినప్పుడల్లా నా చెయ్యి పట్టుకునేది. ఆ చెయ్యి విడిపించుకోవాలని అనిపించింది, ధైర్యం చాలలేదు.

పదిగంటల ప్రాంతంలో పిల్లలు బయటికి రావడం మొదలుపెట్టారు. గెలిచినవాళ్ళు గేటు దాటకముందే అరుస్తున్నారు. ఆ అమ్మాయి నడుచుకుంటూ వచ్చింది. ముఖం చూడగానే తల్లికి అర్థమైంది.

"పదహారు వందల మీటర్లలో పోయింది మా. ఆరు సెకండ్లు లేటు" అంది అమ్మాయి. మామూలుగా, పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పింది. "మూడు రౌండ్లు బాగానే ఉరికినా. నాలుగోదాంట్లో ఊపిరి అందలేదు. వారం పండుకుంటిని కదా."

తల్లి నీళ్ళ సీసా ఇచ్చింది. అమ్మాయి తాగి, మూతి తుడుచుకుని, మళ్ళీ అదే మాట అంది. "ఆ దినం అంత గట్టిగా లాగకపోయింటే అయిపోయేది. ఎవుర్ని అని ఏం లాభం? నా చేతులారా చేసుకున్యా."

అప్పుడు చెప్పాను. ధైర్యం వచ్చి కాదు. ఆ మాట ఇంకొక్కసారి వినే శక్తి లేక చెప్పాను. రేకుల గది, రెండు వేసవులు, పౌడరు, ఒక్కటే లాగి చూసి మిగతావి వదిలేయడం, కంపెనీ పేరు చెప్పి తప్పించుకోవడం, అన్నీ. చెబుతూ నేలను చూస్తున్నాను. ఆ తల్లి చీపురు పట్టిన చేత్తో చెంప పగలగొట్టినా పడేవాణ్ణే.

ఆమె గొంతు పెంచకుండా, "మేమూ సంతకు తోలేముందర జీవాలకు ఉప్పు నాకిచ్చి నీళ్ళు తాపుతామప్పా, కడుపు నిండుగా కనపడల్లని. చెయ్యలేదంటే కండ్లు పోతాయి. కొనేవాడు నోరు తెరిచి పండ్లు చూసుకుంటాడు, నడుం పట్టి చూసుకుంటాడు, వాని తెలివి వానిది. అమ్మేది వేరే, ఊరికే పెట్టేది వేరే. ఆడబిడ్డకు గొర్రెపిల్లను పెట్టేటప్పుడు మందంతా ఏరి, కాళ్ళు చూసి, పండ్లు చూసి, వంక లేనిదాన్ని పెడతాం. ఎందుకంటే తీసుకునేటోళ్ళు చూసుకోరు. పెట్టినారని కండ్లకద్దుకుంటారు" అంది.

అమ్మాయి నా ముందుకొచ్చి నిలబడింది.

"మామా, మెల్లగా లాగింటే తెగేది కాదా?"

"తెగేదే అమ్మా. రేపో ఎల్లుండో తెగేదే. అది అప్పటికే పోయిన రబ్బరు."

"అయితే నేను లాగింది తప్పు కాదా?"

"కాదమ్మా. నువ్వు సరిగానే లాగినావు."

ఆ పిల్ల నన్ను వదిలేసి తల్లి వైపు తిరిగింది. "ఇన్యావామ్మా? నా తప్పు కాదంట" అంది. పరుగు పోయినందుకు కన్నీటిబొట్టు రాల్చని పిల్ల, అప్పుడు తల్లి భుజం మీద తలపెట్టి ఏడ్చింది.